కౌలాలంపూర్‌లో ఆఖరి రోజు

బిడ్డా,

పిల్లల్ని తీసుకుని మలేషియా బ్యాడ్మింటన్ టోర్నమెంట్‌కి మేనేజర్‌గా వెళ్తున్నావని విన్నప్పటి నుంచి ఈ నాలుగు ముక్కలు రాయాలనుకుంటున్నాను. ప్రాక్టీసు, వార్మప్, మ్యాచ్ మధ్యలో ఏం చెప్పాలి, ఇవన్నీ నీకు నా కన్నా బాగా తెలుసు. నేను రాసేది ఆఖరి రోజు గురించే. దానికి ఎవరూ ప్లాన్ వెయ్యరు. షెడ్యూల్ కాగితంలో ఆ రోజు పక్కన ‘షాపింగ్, సాయంత్రం ఎయిర్‌పోర్టు’ అని రాసి వదిలేస్తారు. పిల్లలు ఈ టూర్ నుంచి ఇంటికి ఏం పట్టుకెళ్తారో తేలేది మాత్రం ఆ రోజే.

ఎందుకంటావా? నాకౌట్ డ్రాలో 64 మంది ఉంటే మొదటి రౌండ్‌తోనే 32 మంది అవుట్. నీ టీమ్‌లో సగం మంది పిల్లలు మొదటి రోజే ఓడిపోయి, మిగతా రోజులన్నీ గ్యాలరీలో కూర్చుని పక్కవాళ్లకి చప్పట్లు కొట్టి ఉంటారు. బయటికి బాగానే కనిపిస్తారు, నవ్వుతారు, రీల్స్ తీసుకుంటారు. ఆఖరి రోజు సూట్‌కేసు సర్దుకునేటప్పుడు మొహాలు మారతాయి. శంషాబాద్‌లో దిగగానే నాన్న అడిగే మొదటి ప్రశ్న అప్పుడే వాళ్ల చెవిలో మోగడం మొదలవుతుంది.

అందుకని ఆ రోజు పొద్దున టిఫిన్ అయ్యాక రెండు గంటలు ఖాళీగా ఉంచు. లాబీలో ఒక మూల కూర్చుని ఒక్కొక్కరినీ విడిగా పిలువు. తలా పది నిమిషాలు చాలు. గెలిచినవాళ్లని ముందు పిలవకు, గది నంబర్ల వరసలో పిలువు. నోట్‌బుక్ తెరిచి తప్పులు చదవకు, అవి హైదరాబాద్‌లో కోర్టు మీద చెప్పుకోవచ్చు. ‘నీకు బాగా గుర్తున్న ఒక్క పాయింటు చెప్పు’ అని అడిగి ఊరుకో. మొదట్లో ‘ఏం లేదు మేడమ్’ అంటారు. కాస్త ఆగు.

ఒకసారి అలాగే మొదటి రౌండ్‌లో ఓడిపోయిన పిల్లని అడిగాను. చాలాసేపు ర్యాకెట్ గ్రిప్ అంచు పీకుతూ కూర్చుంది. ఆ తర్వాత ర్యాకెట్ పక్కన పెట్టి లేచి నిలబడి, ఉత్త చేత్తోనే అవతలి అమ్మాయి ఆడిన డ్రాప్, అంటే నెట్ దగ్గర మెల్లగా పడేసే షాట్, చూపించింది. చెయ్యి పూర్తిగా పైకి లేపి, స్మాష్ కొట్టేదానిలా భుజం తిప్పి, ఒక్క క్షణం ఆపింది. ‘సార్, నేను వెనక్కి కాలు వేసేదాకా ఆగేది. వేశాకే కొట్టేది. నన్ను చూసి కొట్టేది సార్’ అంది. మిగిలిన రోజులన్నీ గ్యాలరీలో కూర్చుని ఆ అమ్మాయి మ్యాచ్‌లన్నీ చూసి ఆ కిటుకు పట్టుకుంది. ఇదే మీ నాన్నకి చెప్పమన్నాను. అప్పటిదాకా చెప్పుకోడానికి తన దగ్గర ఓటమి ఒక్కటే ఉందనుకుంది ఆ పిల్ల.

ప్రతి బిడ్డ దగ్గరా అలాంటిది ఒకటి ఉంటుంది. అది వాళ్ల నోటితోనే చెప్పించి పంపు.

రిజర్వ్‌లో ఉండి అసలు కోర్టులోకే దిగని పిల్లలుంటే వాళ్లకి మన మగవాళ్ల జట్టు గెలిచిన 2022 థామస్ కప్ గురించి చెప్పు. అందులో ఒక్కో పోరులో ఐదు మ్యాచ్‌లు, మూడు గెలిచిన జట్టుదే గెలుపు. బ్యాంకాక్‌లో క్వార్టర్స్‌లో మలేషియా మీద, సెమీస్‌లో డెన్మార్క్ మీద 3-2తో గెలిచాం. రెండుసార్లూ ఆఖరి మ్యాచ్ నెగ్గి నిలబెట్టింది ప్రణయ్. ఫైనల్లో ఇండోనేషియా మీద లక్ష్యసేన్, సాత్విక్-చిరాగ్ జోడీ, మన శ్రీకాంత్ 3-0తో ముగించేశారు. ఆ రోజు ప్రణయ్‌కి కోర్టులో దిగే అవసరమే రాలేదు. అందుకని ఆ కప్పులో ఆయన వాటా తగ్గిందా అని పిల్లల్నే అడుగు, జవాబు వాళ్లే చెప్తారు.

ఇక తిరగడం సంగతి. ట్విన్ టవర్స్ అంటారు, గుహల్లో మురుగన్ గుడి ఉన్న బటూ కేవ్స్ అంటారు, పెటాలింగ్ స్ట్రీట్‌లో షాపింగ్ అంటారు. ఒక్కచోటే పెట్టుకో. నన్నడిగితే బటూ కేవ్స్. ఎండ ముదిరితే 272 మెట్లు పిల్లలకి కూడా భారమే కాబట్టి, అక్కడికి వెళ్లే పనైతే తెల్లారేసరికి బయల్దేరి, తిరిగొచ్చాకే లాబీలో కూర్చోండి. కింద నిలబడ్డ 140 అడుగుల మురుగన్ విగ్రహం దగ్గర గ్రూప్ ఫోటో దిగండి. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే కోతులు లాక్కుపోతాయని ముందే చెప్పు. ముందు రోజు సెమీస్, ఫైనల్స్ ఆడినవాళ్ల పిక్కలు పట్టేసి ఉంటాయి, వాళ్లని కిందే కూర్చోనివ్వు. టిఫిన్‌కి మాత్రం హోటల్ బఫే వదిలేసి దగ్గర్లో మామక్ కొట్టుకి, అంటే అక్కడి తమిళ ముస్లింల టిఫిన్ హోటల్‌కి, తీసుకెళ్లు. మన పరోటాలాంటి రోటీ చనాయ్, పక్కన పప్పు. ఇంటి తిండి మీద బెంగ పెట్టుకున్న పిల్లలు అక్కడ నాలుగేసి తింటారు.

రాత్రి ఫ్లైట్ అయితే గదులన్నీ ఖాళీ చేసినా ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి సాయంత్రం దాకా ఉంచుకో. డబ్బు దండగ అని ఎవరైనా అంటే వినకు. చెమట బట్టలతో లాబీ సోఫాల మీద పడుకున్న పిల్లలు ఫ్లైట్ ఎక్కేసరికి జ్వరం తెచ్చుకుంటారు. విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం టాక్స్ ఉంటుంది. అది ఏజెంటు కట్టాడో లేదో ముందు రోజే కనుక్కో, బస్సు హారన్ కొడుతుంటే కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. గదులు నువ్వే స్వయంగా చూడు: బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం, ఫ్రిజ్‌లో పెట్టిన ఐస్ ప్యాక్, మంచం పక్క సాకెట్‌లో చార్జర్. పిల్లలు మర్చిపోయేవి ఈ మూడు చోట్లే.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టేపు కోసుకునే కత్తెర చెకిన్ బ్యాగులోకి, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోకి. డురియన్ పండు ఎవరూ కొనకూడదు, దాని వాసనకి హోటళ్లే లోపలికి రానివ్వవు. చిల్లర నాణేలు మన దగ్గర ఎవరూ మార్చరు, అక్కడే నీళ్ల సీసాలకి ఖర్చు పెట్టించు.

ఎయిర్‌పోర్టు ఊరికి యాభై కిలోమీటర్ల పైన ఉంటుంది. సాయంత్రం ట్రాఫిక్ మన మెహదీపట్నంకి తీసిపోదు. టెర్మినళ్లు రెండు: ఎయిర్ ఏషియా రెండోదాని నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటోదాని నుంచి. డ్రైవర్‌కి ‘ఎయిర్‌పోర్టు’ అని కాకుండా టెర్మినల్ నంబర్ చెప్పు. తప్పు చోట దిగితే రెంటి మధ్యా రైలుంది, మూడు నిమిషాల్లో తీసుకెళ్తుంది. కానీ అన్ని కిట్ బ్యాగులతో పిల్లల్ని ఎక్కించి దించేసరికి నీకు అరగంట పోతుంది. పాస్‌పోర్టులు ముందు రాత్రే తీసుకుని నీ ఒంటి మీదే పెట్టుకో. ఇమిగ్రేషన్ దగ్గర చేతికిచ్చి, దాటగానే తిరిగి తీసుకో. మ్యాచ్‌లున్నన్ని రోజులూ పిల్లలు నీ మాట మీద ఉంటారు. ఆ రోజు పగ్గాలు వదిలేసినట్టు ఉంటారు, డ్యూటీ ఫ్రీలో చాక్లెట్ల దగ్గర చెదిరిపోతారు. ఇద్దరిద్దరిని జోడీ కట్టి, ఒకరికొకరు బాధ్యులని చెప్పు.

ఫ్లైట్ ఎక్కేముందు తల్లిదండ్రుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టు. ఫలితాలు ఎలాగూ వాళ్లకి తెలుసు. ‘దయచేసి ఈ రాత్రికి మ్యాచ్ గురించి అడగొద్దు, ఆకలేస్తోందా అని మాత్రం అడగండి. మీ బిడ్డ మీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది, రేపు చెప్పనివ్వండి’ అని రాయి. వాళ్ల మీద కోపంతో చెప్తున్న మాట కాదిది. చిట్టీ ఎత్తి, బంగారం కుదువ పెట్టి పంపిన నాన్నలుంటారు. వాళ్లు అడగడంలో న్యాయముంది. కానీ అరైవల్స్ గేటు దగ్గర, పక్కన మెడల్ వేసుకున్న పిల్ల నిలబడి ఉండగా ఆ ప్రశ్న పడితే, కొంతమంది పిల్లలు మళ్లీ ర్యాకెట్ పట్టరు. నేను చూశాను.

నాలుగు గంటల ప్రయాణం, గడియారం రెండున్నర గంటలు వెనక్కి. దిగేసరికి మనకి అర్ధరాత్రి అవుతుంది, పిల్లలు నిద్రమత్తులో ఉంటారు. పాస్‌పోర్టు పిల్లల చేతిలో పెట్టకు, అమ్మ చేతిలోనో నాన్న చేతిలోనో పెట్టి పేరు టిక్ కొట్టుకో. ‘మామయ్యని మేడమ్’ అని ఎవరైనా వస్తే, తెలిసిన మొహమైనా సరే, తల్లికి ఫోన్ కలిపి మాట్లాడాకే పంపు. ఎవరి వాళ్లయినా ఆలస్యమైతే ఆ బిడ్డతో పాటే కూర్చో. పుష్పక్ బస్సు ఎక్కించి పంపేద్దాం అన్న ఆలోచన రానివ్వకు.

ఫ్లైట్ నంబర్ నాకు పంపించు. ఆఖరి బిడ్డ ఇంటికి బయల్దేరాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ సార్