సావిత్రి అంటే ఎవరు గుర్తొస్తారు?

ప్రశ్న: అమ్మా, మాకు పాప పుట్టింది. మా అత్తగారి పేరు సావిత్రి. ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు. పాపకు ఆ పేరే పెట్టాలని మావారు పట్టుబట్టారు. నాకూ అత్తగారంటే అభిమానమే. కానీ ఆ పేరు వినగానే కొప్పు, కళ్లజోడు కనిపిస్తాయి తప్ప చంటిపిల్ల కనిపించడం లేదు. మా చెల్లెలేమో "సినిమా సావిత్రి చివరికి ఏమైందో తెలుసుగా" అంటోంది. స్నేహితురాళ్లు "కాలేజీలో సతీసావిత్రి అని ఏడిపిస్తారే" అంటున్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి, మీకెలా అనిపిస్తోంది?
– ఓ కొత్త అమ్మ

జవాబు: నాకైతే బాగుంది. ఏళ్ల తరబడి బడిలో హాజరు పిలిచినదాన్ని, పేరు ఎలా ఉందో వెనక బెంచీ దాకా వినబడేలా పిలిచి చూస్తే గానీ నాకు తేలదు. 'సా' దగ్గర గొంతు హాయిగా సాగుతుంది, 'త్రి' దగ్గర టక్కున ఆగుతుంది. పిలిచాక ఎవర్ని పిలిచారన్న అనుమానం ఉండదు. ఈ మధ్య సాన్వీ, తన్వీ, జాన్వీ ఒకే గదిలో కూర్చుంటే, ఒకరిని పిలిస్తే ముగ్గురూ తలెత్తేవారు. నీ కూతురికి ఆ బాధ ఉండదు.

పాతదంటావా, గాయత్రిని చూడు. అదే తూగు, అదే 'త్రి'. గాయత్రీ మంత్రానికే సావిత్రి అని ఇంకో పేరుంది. అయినా గాయత్రి అంటే స్కూటీ మీద వెళ్లే అమ్మాయి కూడా అయ్యుండొచ్చు, సావిత్రి అంటే మాత్రం ముత్తయిదువే! పాపం, ఆ పేరును ముసలిదాన్ని చేసింది వయసు కాదు, ముందు తగిలించిన ఆ 'సతీ'. దెప్పడానికి తప్ప ఆ మాటను ఎవరైనా వాడగా విన్నావా? "అబ్బో, పెద్ద సతీసావిత్రి వచ్చిందండీ!"

నాకు ఒళ్లు మండేది అక్కడే. భారతంలో, అరణ్యపర్వంలో ఉన్న సావిత్రి కథ ఓసారి నింపాదిగా చదువు. ఆ పిల్ల తేజస్సు చూసి జంకి, చేసుకుంటామని అడగడానికి రాజకుమారులెవరూ ముందుకు రాలేదు. తండ్రి అశ్వపతి "నువ్వే వెతుక్కో తల్లీ" అని రథమిచ్చి పంపాడు. తనే వెళ్లింది, తనే చూసుకుంది. రాజ్యం పోయి అడవిలో ఉంటున్న గుడ్డి రాజుగారి కొడుకును ఎంచుకుంది. ఏడాదిలో పోతాడని నారదుడు చెప్పాడు, ఇంకొకరిని చూసుకోమని తండ్రి అడిగాడు. ఎంచుకోవడం ఒక్కసారే, మార్చుకోనంది.

యముడి దగ్గర ఏం చేసిందనుకున్నావు? కాళ్లు పట్టుకుని ఏడవలేదు. వెంట నడుస్తూ ధర్మం గురించి మాట్లాడింది. ఆ మాటతీరుకు మురిసిపోయి, భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడాయన. మామగారికి చూపు అడిగింది, తర్వాత రాజ్యం, ఆ తర్వాత తండ్రికి వందమంది కొడుకులు. నాలుగోసారి తనకు సత్యవంతుడి వల్ల వందమంది కొడుకులు కావాలంది. ఆయన తథాస్తు అనేశాడు. ఇక ప్రాణం ఇవ్వక ఛస్తాడా! కోర్టులో వేస్తే ఏ లాయరూ నిలవడు ఆ పిల్ల ముందు. అలాంటిదాన్ని తీసుకొచ్చి, నోరెత్తని ఇల్లాలి కింద జమకట్టేశారు మనవాళ్లు.

మీ చెల్లెలి మాటకొస్తే, సావిత్రిగారి చివరి రోజులు ఎవరికైనా బాధే. కానీ 1981లో ఆవిడ పోయిన తీరొక్కటే లెక్కా? 1957లో వచ్చిన మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా చేసింది చూడు. సుకుమారమైన ఆ ముఖంలోనే రాక్షసుడి గీర, నడకలో మగరాయుడి ఊపు! నాకు సావిత్రి అంటే మొదట గుర్తొచ్చేది ఆ నడకే. 1968లో చిన్నారి పాపలు సినిమాకు దర్శకత్వం కూడా చేసింది. అంతెందుకు, 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టిన దంపతుల్లో ఆవిడ పేరేమిటి? సావిత్రీబాయి ఫూలే. బడికి వెళ్తుంటే దారిలో పేడ విసిరేవాళ్లని, మార్చుకోవడానికి ఇంకో చీర వెంట తీసుకెళ్లేదని చెబుతారు. పేరు వల్లే బతుకులు అలా అవుతాయనుకుంటే, ఈవిడను ఏ ఖాతాలో వేస్తుందో మీ చెల్లెల్నే అడుగు.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది, దాన్ని నువ్వు రాయలేదు. అత్తగారి పేరు పెట్టాక, పిల్ల గోడంతా క్రేయాన్లతో గీసిన రోజున "ఒసేయ్ సావిత్రీ!" అని కసరడానికి నోరొస్తుందా? మీవారు పక్కనుంటే అసలు రాదు. అందుకే చాలా ఇళ్లలో బుజ్జి, చిట్టి, అమ్మడు అనే పిలుపులే ఖాయమైపోయి, పెద్దావిడ పేరు రేషన్ కార్డులో మిగిలిపోతుంది. ముద్దుపేరు ఉండనీ, తప్పులేదు. కానీ రోజూ పిలవలేని పేరైతే పెట్టకు. ఈ సంగతి మీవారితో ఇప్పుడే మాట్లాడు. "తిట్టాల్సొస్తే తిడతాను, మీ అమ్మగారిని అన్నట్టు పట్టించుకోకూడదు" అని ముందే ఒప్పించుకో. ఆయన నవ్వితే పెట్టేయ్. ముఖం మాడ్చుకుంటే మాత్రం రెండో పేరుగా ఉంచు.

పాపది శతభిషం రెండో పాదమైతే 'సా' అక్షరం ఎలాగూ కలిసొస్తుంది. పంచాంగం చూసేవాళ్లు కూడా మీవారి పక్షమే అవుతారు, చూసుకో!

ఇంకో మాట. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు 'టీ' పక్కన 'హెచ్' పెట్టాలా వద్దా అన్నది జనన ధ్రువపత్రం రాయించే రోజే తేల్చుకో. బడిలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పడితే పాస్‌పోర్టు వేళకు ఆ ఒక్క అక్షరం కోసం తిరగాల్సొస్తుంది.

ప్రశ్న: నా పేరే సావిత్రి. డిగ్రీ చదువుతున్నాను. క్లాసులో అందరూ 'సతీ' అని పిలుస్తారు. విసుగొచ్చి ఇన్‌స్టాలో 'సావి' అని పెట్టుకున్నాను. సర్టిఫికెట్లలో కూడా మార్చుకోనా?
– ఒక విద్యార్థిని

జవాబు: ఇన్‌స్టాలో నీ ఇష్టం, 'సావి' ముద్దుగానే ఉంది. సర్టిఫికెట్ల జోలికి మాత్రం అప్పుడే పోకు. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజిట్, ఆపైన పదో తరగతి మెమో నుంచి పాన్ కార్డు దాకా అన్నింట్లో మార్పు. క్లాసులో నలుగురి నోటికి జడిసి ఇంత పనా? ఈసారి ఎవరైనా 'సతీ' అంటే, "యముడినే మాటల్లో పడేసిన పేరు నాది, నువ్వెంత?" అని చూడు. అప్పటికీ ఆ పేరు నీది కాదనిపిస్తే, చదువయ్యాక నిదానంగా మార్చుకో. అప్పుడు నేను కూడా వద్దనను.