ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు

బంగారూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీరు ఇల్లు అమ్మేసి, ఊరికి అటువైపు కొనబోతున్నారట. మనవరాలు వచ్చే ఆగస్టులో తొమ్మిదో తరగతికి వెళ్తోంది కదా, అటువైపు హైస్కూల్‌కి రేటింగ్ ఎక్కువట. రెండు స్కూళ్లనీ పోలుస్తూ పెద్ద ఎక్సెల్ షీట్ కూడా తయారుచేశావట. వినగానే ఎంత గర్వపడ్డానో! ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఈ అమెరికాలో ఇంటి అడ్రస్‌ని బట్టే కదా స్కూల్, కొత్త ఇల్లు ఏ స్కూల్ జోన్‌లోకి వస్తుందో రియల్టర్ మాట మీద వదిలేయకు, ప్రభుత్వ బళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి అడ్రస్ చెప్పి కనుక్కో. ఆ జోన్ల గీతలు స్కూల్ బోర్డు మార్చగలదు, అందుకని వాళ్ల మీటింగుల మినిట్స్ కూడా చదువు. ఒకే డిస్ట్రిక్ట్ కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఇస్తారేమో అడుగు. ఇస్తే అసలు ఇల్లు మారే పనే లేదు.

ఇక ఆ రేటింగ్. ఒకదానికి పదికి తొమ్మిది, ఇంకోదానికి ఏడు అంది మీ అమ్మ. ఆ అంకె చాలావరకు పరీక్షల మార్కుల నుంచి వచ్చేదే. ఆ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కోగలిగిన వాళ్లెవరో కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. పైగా మీది చిన్న డిస్ట్రిక్ట్. ఒక పరీక్ష 80 మంది రాస్తే, నలుగురు తప్పినా 5 శాతం పడిపోతుంది. కాబట్టి మూడు నాలుగేళ్లవి వరసగా చూడు. 2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం కింద ప్రతి స్కూలుకీ రిపోర్ట్ కార్డు బయటపెట్టాలి. అందులో ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు దగ్గర్నుంచి తరచూ బడి మానేసేవాళ్ల లెక్క దాకా ఉంటుంది. నేనైతే ముందు ఆ ఆఖరిదే చూస్తాను. 180 రోజుల్లో 18 రోజులు రాని పిల్లలు ఎక్కువమంది ఉంటే, ఆ బడిలో ఏదో బాగాలేదనే నాకనిపిస్తుంది.

ఇప్పుడు మీ అన్నయ్య, అదే మా అబ్బాయి సంగతి చెప్పాలి. నీకు పైపైనే తెలుసు.

వాడి టెన్త్ అయ్యాక మారాం. మీలాగే రెండే హైస్కూళ్లు, మధ్య ఆరు మైళ్లు. కొత్త స్కూల్ కోర్స్ కేటలాగ్‌లో ఏపీ క్లాసులు, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు, రెండు పేజీలున్నాయి, పాతదాంట్లో ఒక్క పేజీ. "వాణ్ణి ఒక్కసారి అడుగు" అని మీ పెదనాన్న అంటూనే ఉన్నారు. "వాడికేం తెలుసు" అన్నాను. ఆగస్టులో షెడ్యూల్ చేతికొచ్చింది. వాడు ఆశపడ్డ ఏపీ ఫిజిక్స్ సీ లేదు. పేరిచ్చింది తొమ్మిది మందేనట, అంతమందికి టీచర్ని ఇవ్వలేమన్నారు. ఇంకో ఏపీ క్లాసు, కాల్‌క్యులస్ బీసీ, రోజుకి ఒక్క పీరియడే, అది మూడోది. ఆర్కెస్ట్రా కూడా మూడో పీరియడే. కౌన్సెలర్ ఆ గడి మీద పెన్ను ఆనించి, ఏదో ఒకటే కుదురుతుందంది. కాల్‌క్యులస్ అన్నాను నేను. వాడేమీ అనలేదు. నాలుగో తరగతి నుంచి వాయించిన వయొలిన్‌ని ఇంటికొచ్చి క్లాజెట్‌లో కోట్ల వెనక నిలబెట్టాడు.

అక్టోబర్లో ఒకరోజు వాడి లంచ్ బాక్స్ తెరిస్తే పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంది. స్పూన్‌కి చుట్టిన టిష్యూ కూడా విప్పలేదు. ఆకలి లేదన్నాడు. నాలుగోసారి అలాగే వచ్చాక గట్టిగా అడిగాను. కెఫెటేరియాలో ఎక్కడ కూర్చోవాలో తెలీక లైబ్రరీకి వెళ్తున్నాడట. అక్కడ తిననివ్వరు. ఆరు వారాలు, బంగారూ. పాత స్కూల్లో ఆర్కెస్ట్రా పిల్లలు వాడికోసం చోటు ఆపి ఉంచేవాళ్లు.

ర్యాంకు కూడా పోయింది. 1997 చట్టం ప్రకారం మన టెక్సస్‌లో ఎవరి స్కూల్లో వాళ్లు మొదటి 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. పాత స్కూల్లో వాడు ఆ లెక్కలో ఉన్నాడు, కొత్తదాంట్లో లేడు. ఇప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఇంకా కష్టం, 2026 ఫాల్ నుంచి 5 శాతానికే దించారు.

అందుకని కేటలాగ్ చూసి మురిసిపోకు. ఈ ఏడాది నిజంగా ఏ క్లాసులు నడుస్తున్నాయో, ఏవి రోజుకి ఒక్కసారే ఉన్నాయో మాస్టర్ షెడ్యూల్ చూపించమను. ఏపీ పరీక్ష ఎంతమంది రాశారో, ఎంతమందికి ఐదుకి 3 కానీ ఆపైన కానీ వచ్చిందో అడుగు. చిన్న చోట ఒక టీచర్ వెళ్లిపోతే ఆ సబ్జెక్టే పోవచ్చు. కాలేజీలకి ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు పంపే స్కూల్ ప్రొఫైల్ అని ఒక కాగితం ఉంటుంది, అది రెండు స్కూళ్లదీ తెచ్చుకో. ఆ స్కూల్లో ఉన్న క్లాసుల్లో పిల్ల ఏవి తీసుకుందో కాలేజీలు చూస్తాయి. లేని క్లాసు తీసుకోలేదని తప్పు పట్టరు.

మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. మనవరాలికి ఈ విషయం ఇంకా చెప్పలేదట. ఎందుకు చెప్పలేదే? బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తోంది, దాని స్నేహితులంతా ఇటువైపు స్కూలుకే వెళ్తారు. నువ్వు ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ప్రతి శనివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చేసేదానివి. "క్లాసులు బాగానే ఉన్నాయి పెద్దమ్మా, ఎవరితో కూర్చుని తినాలో తెలీట్లేదు" అని నా వంటింట్లో ఏడ్చావు. అప్పుడు నీకు ఇరవై రెండేళ్లు. దీనికి పదమూడు.

కోపం తెచ్చుకోకు తల్లీ. అల్లుడుగారికి కూడా ఈ ఉత్తరం చూపించు. అటువైపు స్కూల్లో షాడో డే, అంటే అక్కడి పిల్లల వెంట ఒకరోజు క్లాసులకి తిరిగి చూసే వీలు, ఉందేమో కనుక్కుని దాన్ని ఒకరోజు పంపు, లంచ్ అయ్యేదాకా ఉండనీ. సాయంత్రం నాకు ఫోన్ చెయ్యమను. నువ్వు పక్కన ఉండొద్దు, దానితో నేను ఒక్కదాన్నే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ