కొత్త చేపల తొట్టిలో నియాన్ టెట్రా చేపలు వారం తిరక్కుండానే ఎందుకు చనిపోతాయి?

చాలాసార్లు కారణం రోగం కాదు, అమ్మోనియా. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా చేపలు వేయకుండా, చిటికెడు మేత వేస్తూ (అది కుళ్లితే బాక్టీరియాకు అమ్మోనియా అందుతుంది) ఫిల్టర్ నడపండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ కనిపిస్తే తొట్టి సిద్ధమైనట్టే. స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి ఆ బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

నియాన్ టెట్రాలు గుంపు చేపలు. రెండో మూడో తెస్తే బెదిరిపోయి మొక్కల చాటునే ఉంటాయి, మేతకీ సరిగా రావు. 60 లీటర్లకు 10 వేయండి, నీళ్లు 22–26 డిగ్రీలు. మీది బాగా కఠినమైన బోరు నీరైతే వీటికి బదులు జీబ్రా డానియో చేపలే మేలు.