ఉప్పునీటి అక్వేరియంలో వదలని పచ్చ పాచి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం నడుపుతున్నాను. రెండు క్లౌన్ చేపలు, ఒక డాంసెల్, కొన్ని మెత్తని పగడాలు ఉన్నాయి. నీటిని కళింగపట్నం తీరం నుంచి డబ్బాలతో తెచ్చుకుంటాను. ఆవిరైన మేరకు మా బోరు నీరు పోస్తాను. రాళ్లన్నీ జుట్టులాంటి పచ్చ పాచితో నిండిపోయాయి. గీకి తీసినా వారం తిరిగేసరికి మళ్లీ అల్లుకుంటోంది. కిట్‌తో పరీక్షిస్తే నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా అనే వస్తున్నాయి. దుకాణంలో పాచి మందు ఉందంటున్నారు. వాడవచ్చా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: దయచేసి ఆ మందు వాడకండి. మంచినీటి తొట్టెల కోసం అమ్మే పాచి మందుల్లో చాలావాటిలో రాగి లవణాలుంటాయి. చేపలు కొంతవరకు తట్టుకునే మోతాదులోనే రాగి నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది. పైగా రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకిపోయి తర్వాత కూడా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఒకవేళ పాచి చచ్చినా, అది కుళ్లి తనలోని పోషకాలను తిరిగి నీటికే ఇస్తుంది కాబట్టి మళ్లీ మొలవడానికి కావలసిన తిండి అక్కడే సిద్ధంగా ఉంటుంది.

ముందుగా ఆ సున్నా సంగతి చూద్దాం. కిట్ కొలిచేది నీటిలో కరిగి మిగిలి ఉన్న నైట్రేటును, ఫాస్ఫేటును మాత్రమే. రాళ్ల నిండా పాచి ఉన్న తొట్టెలో అవి నీటిలో చేరీ చేరకముందే పాచి లాగేసుకుంటుంది కాబట్టి, పరీక్షలో సున్నా వచ్చినంత మాత్రాన తొట్టెలోకి పోషకాలు రావడం లేదని అర్థం కాదు. వారంలో మళ్లీ ఒత్తుగా పెరుగుతున్నదంటే ప్రతిరోజూ దానికి మేత అందుతున్నట్టే. ఆ మేత ఏ దారిన వస్తున్నదో కనిపెట్టడమే అసలు వైద్యం. మీ ఉత్తరాన్ని బట్టి నాకు మొదటి అనుమానం బోరు నీటి మీదే.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని మన దేశ ప్రమాణం. అంటే మనం నిశ్చింతగా తాగే నీరు కూడా పగడాల తొట్టెకు పనికిరాకపోవచ్చు. మీ బోరు నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాములే ఉన్నాయనుకుందాం. రోజుకు 3 లీటర్లు ఆవిరైతే మీరు పోసే 3 లీటర్లతో 60 మిల్లీగ్రాముల నైట్రేటు తొట్టెలో చేరుతుంది. ఆవిరిగా పోయేది శుద్ధమైన నీరే. నైట్రేటు తొట్టెలోనే ఉండిపోతుంది. 200 లీటర్లకు లెక్కగడితే రోజుకు 0.3, నెలకు 9 మిల్లీగ్రాముల చొప్పున లీటరుకు పెరుగుతుంది. చేపల మేతతో వచ్చేది దీనికి అదనం. అందువల్ల పై నుంచి పోసే నీటిని ఇవాళే మార్చండి. ఆర్‌ఓ నీరు వాడాలి కానీ, ఇళ్లలో ఉండే ఆర్‌ఓ యంత్రాల్లో రుచి కోసం ఖనిజాలు కలిపే కాట్రిడ్జో, వడకట్టని నీటిని కొంత కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరో ఉంటుంది. వాటికి ముందున్న గొట్టం నుంచే నీరు పట్టుకుని, దానిని మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఅయొనైజేషన్ రెజిన్ ఉన్న కాట్రిడ్జ్ గుండా పంపాలి. చివర టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. అది పెరగడం మొదలైతే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టు.

తీరం నుంచి తెచ్చే నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. వంశధార సముద్రంలో కలిసేది కళింగపట్నం దగ్గరే. వర్షాకాలంలో ఆ నది తెచ్చే ఒండ్రు, పొలాల ఎరువు, ఊళ్ల మురుగు అన్నీ అక్కడి నీటిలో ఉంటాయి. వానలు తగ్గాక కూడా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ గంగ, మహానది నదుల మంచినీటిని మన తీరం మీదుగా తీసుకుపోతుంది. పగడాలకు వెయ్యికి 35 పాళ్ల లవణీయత కావాలి. ఆ నెలల్లో మన ఒడ్డున అది 30 కంటే దిగువకు పడిపోవడం మామూలే. సముద్రపు నీరే వాడాలనుకుంటే వేసవి మొదట్లో, నదీముఖానికి దూరంగా, ఒడ్డు నురగకు అవతల నుంచి తెచ్చి, వడకట్టి, పరీక్షించి పోయండి. నన్నడిగితే, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పును ఆర్‌ఓ నీటిలో లీటరుకు 35 నుంచి 38 గ్రాముల చొప్పున కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 వచ్చేలా చూసుకోవడమే మేలంటాను. ఖర్చు ఎక్కువే, కానీ తొట్టెలోకి ఏం పోతున్నదో తెలిసే పోస్తారు.

మేత ఎలా వేస్తున్నారో మీరు రాయలేదు. ఫ్రోజెన్ రొయ్యల ముక్కను చిన్న గిన్నెలో కరగనిచ్చి చూడండి: నీరు బియ్యం కడిగిన నీటిలా తెల్లబడుతుంది. ఆ నీరంతా పాచికి మేతే. దానిని పారబోసి, సన్నని జల్లెడలో ముక్కను కడిగి, చేపలు ఒకటి రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి.

ఇక పాచిని తీయడం. గీకిన పాచిని తొట్టెలోనే వదిలితే చేసిన శ్రమ వృథా. చేతితో కుచ్చులు పట్టి లాగుతూ, ఆ పక్కనే సైఫన్ గొట్టం ఉంచి తునకలు నీటితో సహా బయటికి పోయేలా చూడండి. పాచి ఎక్కువగా పట్టిన రాయిని, పగడాలు అంటుకుని లేకపోతే, బయటికి తీసి, విడిగా బకెట్లో ఉంచిన ఉప్పునీటిలో గట్టి బ్రష్‌తో రుద్ది, కడిగి తిరిగి పెట్టవచ్చు. ఒక కుచ్చును వేళ్లతో విప్పి చూస్తే దాని మొదట్లో బూడిదరంగు మడ్డి కనిపిస్తుంది. అది మేత తునకలు, చేపల పెంట చిక్కుకున్న చోటు. వేవ్‌మేకర్‌ను (నీటిని కదిలించే పంపును) అటు తిప్పి అక్కడ నీరు కదిలేలా చేస్తే ఆ మడ్డి నిలవదు.

వారానికి 10 నుంచి 15 శాతం నీరు మార్చండి. అయితే దానితోనే అంతా కుదురుతుందనుకోవద్దు. 40 ఉన్న నైట్రేటు 10 శాతం నీటిమార్పుతో 36కు మాత్రమే దిగుతుంది. నీటిలోని మలినాలను నురగతో బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్ ఉంటే కప్పులో ముదురు టీ రంగు ద్రవం చేరేలా సర్దుబాటు చేసి, మెడ దగ్గర జిడ్డును తరచుగా తుడవండి. జిడ్డు పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. సంప్ (ప్రధాన తొట్టెకు కలిపిన అదనపు తొట్టె) ఉంటే అందులో ఒక అరలో కీటోమార్ఫా అనే చిక్కుతీగలాంటి నాచును వేరే దీపం కింద పెంచి, పెరిగిన కొద్దీ కోసి పారేయడం చాలా మంచి పద్ధతి. కోసిన ప్రతి పిడికెడుతో కొంత నైట్రేటు, ఫాస్ఫేటు తొట్టె నుంచి శాశ్వతంగా బయటికి పోతాయి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే రాళ్లను అనుమానించాలి. సున్నపు రాయి ఫాస్ఫేటును పట్టుకుని, నీటిలో అది తగ్గగానే మెల్లగా వదులుతుంది. ఒక రాయిని కొత్తగా కలిపిన ఉప్పునీటి బకెట్లో, చీకట్లో, చిన్న పంపుతో వారం ఉంచి ఫాస్ఫేటు కొలవండి. పెరిగితే కారణం దొరికినట్టే. అప్పుడు ఫాస్ఫేటును పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వాడాలి, ఎందుకంటే ఫాస్ఫేటు ఒక్కసారిగా పడిపోతే పగడాలు దెబ్బతింటాయి. లీటరుకు నైట్రేటు 2 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య నిలిస్తే చాలు. రెండింటినీ నిజంగానే సున్నాకు తెచ్చిన తొట్టెల్లో డైనోఫ్లాజెలేట్లు (జిగురుగా అల్లుకునే సూక్ష్మజీవులు) వచ్చిపడతాయి, వాటిని వదిలించుకోవడం పచ్చ పాచి కంటే కష్టం.

పాచి మేసే జీవులు లేకుండా ఏ పగడాల దిబ్బా శుభ్రంగా ఉండదు. 1983లో కరీబియన్ సముద్రంలో పాచి మేసే నల్ల ముళ్ల ఉర్చిన్లు (ఒంటినిండా ముళ్లుండే సముద్ర జీవులు) ఏదో వ్యాధితో దాదాపు తుడిచిపెట్టుకుపోయాక జమైకా చుట్టూ ఉన్న దిబ్బలను నాచు కప్పేసింది. మీ తొట్టెలోనూ నత్తలు ఉండాలి, కానీ పొడుగు పాచిని అవి పెద్దగా ముట్టవు. చేతితో తీశాక మిగిలిన పొట్టి మొలకలనే మేస్తాయి. సర్జన్ చేపలు పాచిని బాగా తింటాయి, కానీ 200 లీటర్లలో వాటిని ఉంచడం వాటికి హింస. నత్తలు కొనేటప్పుడు, రాళ్లు కొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి: 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, ట్రోకస్ నైలోటికస్ వంటి కొన్ని నత్తలనూ చేర్చారు. మన సముద్రంలో విరిచి తెచ్చినదానిని, చచ్చిన పగడపు ముక్కనైనా సరే, ఎవరు అమ్మజూపినా తీసుకోకండి.

ప్రశ్న: కొత్తగా ఉప్పునీటి తొట్టె పెట్టాం. మూడు వారాలకే ఇసుక మీద గోధుమరంగు పొడి పరుచుకుంది. ఇదీ పాచేనా? లైట్ పూర్తిగా ఆపేయమంటారా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు చెప్పినది డయాటమ్‌లలా (సిలికాతో పెంకు కట్టుకునే సూక్ష్మ పాచి) ఉంది. కొత్త తొట్టెల్లో ఇది సహజంగా వచ్చి, నీటిలోని సిలికా ఖర్చవగానే కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. మీ వైపు భూగర్భజలం సిలికా ఉన్న రాళ్ల మధ్య ఊరేది కనుక, బోరు నీరు పోస్తూంటే మాత్రం అది తగ్గదు. పైన చెప్పిన ఆర్‌ఓ, రెజిన్ పద్ధతే మీకూ వర్తిస్తుంది. లైట్ ఆపనక్కరలేదు, రోజుకు 8 గంటలు చాలు. గోధుమరంగు పొడిలా కాక, చివర బుడగలున్న జిగురు తీగల్లా పగలు పెరిగి రాత్రికి పలచబడుతుంటే అది డైనోఫ్లాజెలేట్లు కావచ్చు. ముదురు ఎరుపు పొరలా చాపచుట్టినట్టు లేచి వస్తే అది పాచి కాదు, సయనోబాక్టీరియా. అలాంటిదేమైనా కనిపిస్తే నీటి పరీక్షల ఫలితాలతో సహా మళ్లీ రాయండి.