ఆయన పథ్యం ఆయనది, మీ కంచం మీది

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఒక ఊరు. నాకు 51 ఏళ్లు. మా ఆయనకు కిడ్నీలు పాడై మూడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. తీసుకెళ్లేదీ తీసుకొచ్చేదీ నేనే. నాకు ముట్లు ఆగి ఏడాదిన్నర అయింది. ఒంట్లో సెగలు, రాత్రిళ్లు నిద్ర ఉండదు, పొట్ట పెరిగింది. ఉబ్బరంగా ఉందని స్కాన్ తీయిస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. ఆ కాగితం బీరువాలో చీరల కింద దాచాను. అత్తగారికి తెలిస్తే ‘తాగుబోతుల రోగం నీకెలా వచ్చింది’ అంటారు. ఆయనకు తెలిస్తే డయాలసిస్ మానేస్తానంటారేమోనని భయం. లివర్‌కి మంచిదని పక్కింటావిడ తిప్పతీగ పొడి ఇచ్చింది. వాడొచ్చా? నేనూ మంచాన పడితే ఆయన్ని చూసేదెవరు?

జవాబు: అమ్మా, ముందు ఆ పొడి పక్కన పెట్టండి. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్లను కరోనా రోజుల్లో మన దేశంలోనే డాక్టర్లు చూశారు. పక్కింటావిడ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటుంది, అయినా వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు కిడ్నీలకు చేటని, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానం ప్రాంతం మనిషికి నేను చెప్పక్కర్లేదు.

మీ అత్తగారి మాటకు జవాబుంది. మందు చుక్క ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. ముట్లు ఆగేదాకా ఆడవాళ్లకు కొవ్వు ఎక్కువగా తొడల్లో, పిరుదుల్లో చేరుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గాక పొట్టలోకీ లివర్‌లోకీ చేరడం మొదలవుతుంది. దానికి షుగరో థైరాయిడ్ లోపమో తోడైతే ఇంకా తొందరగా.

మీరేం తింటున్నారో రాయలేదు గానీ, డయాలసిస్ ఇళ్లలో వంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయనకు పొటాషియం పెరగకూడదని కూరముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు. ఆకుకూర తగ్గించారు, అరటిపండు లేదు. చుట్టూ కొబ్బరితోటలున్నా ఇంట్లో ఎవరూ బొండాం కొట్టరు. ఇద్దరికి రెండు వంటలెందుకని ఆ చప్పటి కూరా తెల్లన్నమే మీరూ తింటారు. ఆయన కంచంలో వదిలేసింది పారెయ్యలేక ఇంకో రెండు ముద్దలు. ఇక డయాలసిస్ రోజు, ఆయన నాలుగు గంటలు మిషన్ మీద ఉంటే మీరు బయట బెంచీ మీద టీ, బిస్కట్ ప్యాకెట్, మళ్లీ టీ. ఆయన పథ్యం ఆయన కిడ్నీల కోసం. మీ లివర్‌కి అది పనికిరాదు.

వంట రెండుసార్లు చెయ్యక్కర్లేదు. కూర ఉడికించి నీళ్లు వంచేముందే మీ వాటా తీసేసుకోండి. మీకు పప్పు, తోటకూర, చేపలు, ఉలవలు అన్నీ పడతాయి. పొద్దున చోడి (రాగి) అంబలి, పంచదార లేకుండా. అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగం చాలు. డయాలసిస్ సంచిలో ఆయన ఫైలు పక్కన మీదో డబ్బా ఉండాలి, ఉడికించిన శనగలో రెండు గుడ్లో వేసుకుని. ఆయన మిషన్ ఎక్కాక ఆసుపత్రి ఆవరణలోనే అరగంట చురుగ్గా నడవండి. 70 కిలోల మనిషి అయిదు నుంచి ఏడు కిలోలు నెమ్మదిగా తగ్గితే లివర్‌లో కొవ్వే కాదు, వాపు కూడా తగ్గుతుంది.

స్కాన్‌లో గ్రేడ్ అనేది కొవ్వు ఎంత పేరుకుందో చెబుతుంది, లివర్ గట్టిపడిందో లేదో చెప్పదు. అందుకు వయసు, లివర్ రక్తపరీక్షలైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు కలిపి డాక్టర్లు ఫిబ్-4 అని ఒక లెక్క వేస్తారు. 1.3 లోపు వస్తే గట్టిపడే భయం తక్కువ. దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. ఆ కాగితం బీరువాలోంచి తీసి శ్రీకాకుళం పెద్ద ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో మెడిసిన్ ఓపీకి వెళ్లండి. షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌తో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా మీరే నోరు తెరిచి అడగండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఇవి సోకే అవకాశం ఎక్కువ, వాళ్ల రక్తం తగిలితే ఇంట్లోవాళ్లకూ రావచ్చు. బి లేదని తేలితే మూడు డోసుల టీకా వేయించుకోండి. సి ఉందని తేలినా గుండె జారిపోనక్కర్లేదు, సాధారణంగా 12 వారాల బిళ్లలతో నయమవుతోంది. కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా, నల్లటి విరేచనమైనా మాత్రం ఓపీ రోజు కోసం ఆగకండి.

సెగలకూ నిద్రకూ లేడీ డాక్టర్‌ని కలవండి. హార్మోన్ బిళ్లలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు. ఆగిన ముట్టు మళ్లీ కనిపిస్తే వెంటనే వెళ్లాలి.

ఇక మీ ఆయనకు చెప్పడం. చెప్పాల్సిందే, డయాలసిస్ అయిన సాయంత్రం మాత్రం వద్దు. అప్పుడు మనిషి పిండేసినట్టుంటాడు, ఏది విన్నా చేదుగానే వినిపిస్తుంది. మర్నాడు పొద్దున ‘నాకు లివర్‌లో కొవ్వు చేరిందట, తిండి మార్చి నడిస్తే తగ్గుతుందట, మీరు రోజూ గుర్తు చెయ్యాలి’ అనండి. మూడేళ్లుగా ఆ ఇంట్లో చేయించుకోవడమే తప్ప ఆయనకంటూ ఒక పని లేదు, ఇది ఆయనకు ఇవ్వండి. ‘నేను మానేస్తాను’ అన్నారంటే విసుగులో అన్నారని వదిలెయ్యకండి. డయాలసిస్ డాక్టర్‌కి చెప్పండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి మీరైనా ఆయనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరి ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మూడు రోజులూ మీరే వెళ్లాలని పట్టుబట్టకండి. మీ ఊళ్లోనో పక్కూళ్లోనో అదే రోజు డయాలసిస్‌కి వెళ్లే ఇల్లు ఇంకొకటి ఉండే ఉంటుంది. రెండిళ్లూ ఒక ఆటో మాట్లాడుకోండి. ఒక రోజు వాళ్ల మనిషి ఇద్దర్నీ చూసుకుంటే, ఇంకో రోజు మీరు చూసుకోండి. రిమ్స్‌కి వెళ్లడానికి ఆ ఖాళీ రోజే వాడుకోండి.