4294967297 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: ముప్పై రెండు రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన లబ్ధానికి 1 కలిపితే 4294967297 వస్తుంది. 600 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ దీన్ని భాగించి చూశాను. ప్రతిసారీ శేషం మిగిలింది. ఇక దీన్ని ప్రధాన సంఖ్య అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. మీరు ఆగిన చోటు నుంచి ఏడో ప్రధాన సంఖ్య 641. దానితో భాగిస్తే శేషం ఉండదు, భాగఫలం 6700417 వస్తుంది. అంత దగ్గరకు వచ్చి ఆగారంటే మీ ఓపికను మెచ్చుకోవలసిందే. నిజానికి ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా చూడాలి. 65536 వర్గం మీ సంఖ్యకంటే సరిగ్గా ఒకటి తక్కువ కాబట్టి, ఇక్కడ 65536 లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలనూ పరీక్షించవలసి ఉంటుంది.

1, 2, 4, 8, 16 అంటూ ప్రతిసారీ రెట్టింపు చేస్తూ అన్ని రెండ్లను గుణించి 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కావడం చూసి, తర్వాతి సంఖ్యలు కూడా అలాంటివే అయి ఉంటాయని 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. ఆ వరుసలో తర్వాతిది మీ సంఖ్యే. అది ప్రధాన సంఖ్య కాదని 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, అందులోంచి 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజమే అయి తీరాలన్నది అతను పట్టుకున్న కీలకం. ఆ షరతుకు లోబడే ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నంలోనే జవాబు దొరుకుతుంది! ఈ షరతును రాబట్టడానికి కావలసిన సిద్ధాంతం ఫెర్మా స్వయంగా చెప్పినదే కావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

అసలు భాగహారమే చేయకుండా కూడా ఈ సంగతి రుజువు చేయవచ్చు. 640 అంటే 5 × 2⁷. 640కీ −1కీ తేడా 641 కాబట్టి, 641తో భాగించి శేషాలు చూసే లెక్కలో 640 బదులు −1 రాసుకోవచ్చు. రెండింటినీ నాలుగో ఘాతానికి పెంచితే, 5⁴ × 2²⁸కి శేషం 1 అవుతుంది. మరోవైపు 625కు 16 కలిపినా 641 వస్తుంది కనుక, 5⁴ బదులు −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. కాగితం మీద ఒకసారి మీ చేత్తో రాసి చూడండి, నాలుగు వరుసలు చాలు.

మిగిలిన 6700417 ప్రధాన సంఖ్యే. 600 లోపువి మీరు ఇప్పటికే చూశారు కాబట్టి, దాన్ని తేల్చడానికి పై షరతుకు లోబడుతూ దాని వర్గమూలం లోపు ఉన్న 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 అనే ఏడింటితో భాగించి చూస్తే సరిపోతుంది.

కారణాంకాలు తెలియకపోయినా మీ సంఖ్య గుట్టు బయటపెట్టే దారి మరొకటి ఉంది. బేసి ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే, అది ఒకే విధంగా సాధ్యం. మీ సంఖ్యను 65536² + 1² అనీ రాయవచ్చు, 62264² + 20449² అనీ రాయవచ్చు.