ఆరు లక్షల ప్యాకేజీలో చేతికి వచ్చేదెంత?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసింది. ఒక పెద్ద సర్వీస్ కంపెనీ ఏడాదికి 3.6 లక్షలు, బెంగళూరులో నలభై మంది పనిచేసే ఒక చిన్న కంపెనీ 6 లక్షలు ఇస్తామంటున్నాయి. చిన్న కంపెనీ రెండేళ్లు మానకూడదన్న బాండుతో పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అడుగుతోంది. మా బంధువుల అబ్బాయికి 12 లక్షలు వచ్చాయి. రెండూ వదులుకుని అమీర్‌పేటలో కోచింగ్‌కు పంపమంటారా? 3 లక్షల విద్యా రుణం ఉంది.
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీరు పంపిన రెండు ఆఫర్ లెటర్లూ చదివాను. 3.6 లక్షలను పన్నెండుతో భాగిస్తే నెలకు 30 వేలు కనిపిస్తుంది గాని, అందులోనే కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితే గాని రాని గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ప్రీమియం కలిసి ఉన్నాయి. ఆపైన మీ అమ్మాయి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 రూపాయలు పోతే ఖాతాలో పడేది సుమారు 25 వేలు. ఆరు లక్షల ఆఫరులో లక్ష రూపాయలు ఏడాది పూర్తయ్యాక ఇచ్చే బోనస్, మరో 60 వేలు వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి పెరిగే, తగ్గే భాగం. ఈ రెంటినీ పక్కన పెట్టి ఇవే కోతలు వేస్తే నెలనెలా అందేది దాదాపు 32 వేలు. అంటే కాగితం మీద నెలకు 20 వేలుగా కనిపించిన తేడా నిజానికి ఏడు వేలే. ఆదాయపు పన్ను గురించి బెంగ అక్కరలేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12.75 లక్షల జీతం వరకు పన్ను పడదు.

నాలుగేళ్లు చదివించాక ఇంతేనా అన్న మీ బాధ న్యాయమైనదే. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ల జీతం పదేళ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈలోగా కాలేజీ ఫీజులూ, బెంగళూరు అద్దెలూ ఆగలేదు. అయినా ఒకే కంపెనీలో ఫ్రెషర్లందరికీ ఒకే జీతం ఉండదు. టీసీఎస్‌లో నింజా విభాగానికి ఎంపికైనవారికి 3.36 లక్షలైతే, నియామక పరీక్షలో కోడింగ్ బాగా చేసి డిజిటల్ విభాగానికి వెళ్లినవారికి సుమారు 7 లక్షలు ఇస్తూ వచ్చారు. మీ బంధువుల అబ్బాయికి వచ్చినటువంటి ప్యాకేజీలు ఎక్కువగా ప్రోడక్ట్ కంపెనీలవి, అంటే ఇతరుల పని చేసిపెట్టకుండా సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాటివి. అక్కడ డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌ల మీద వరుసగా ఇంటర్వ్యూలు ఉంటాయి. ఆ సాధన ఉద్యోగంలో ఉంటూ కూడా చేయవచ్చు కనుక, దాని కోసం చేతిలోని ఆఫర్లను వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

జీతం కన్నా నేను ఎక్కువగా చూసేది మొదటి రెండేళ్లలో ఆమె చేసే పని. చిన్న కంపెనీ లెటరులో జావా బ్యాకెండ్ డెవలప్‌మెంట్ అని స్పష్టంగా ఉంది, అంటే తెర వెనుక సర్వర్‌లో నడిచే కోడు రాసే పని. పెద్ద కంపెనీలో శిక్షణ తరువాత ఏ ప్రాజెక్టు వస్తుందో ఆమె చేతిలో ఉండదు. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోవచ్చు, రాత్రి షిఫ్టు సపోర్టులో పడవచ్చు. అందుచేత పనిని బట్టి నా మొగ్గు చిన్న కంపెనీ వైపే, కానీ ఒక షరతు మీద. ఒరిజినల్ సర్టిఫికెట్లను వాళ్ల దగ్గర ఉంచకూడదు. చూపించి, నకళ్లు ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకోవాలి. దానికి ఒప్పుకుంటున్నట్టు ఈమెయిల్‌లో రాసివ్వకపోతే ఆ ఆఫరును వదిలేసి, నిస్సంకోచంగా పెద్ద కంపెనీలో చేరమనండి. బాండులో ముందుగా మానేస్తే ఎంత కట్టాలో కూడా చదవండి. సంతకం చేసినా ఏమీ కాదులే అనుకోవద్దు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది.

పెద్ద కంపెనీలోనే చేరవలసి వస్తే, శిక్షణలో మంచి మార్కులు తెచ్చుకుని డెవలప్‌మెంట్ ప్రాజెక్టు కావాలని మేనేజరును అడుగుతూనే ఉండాలి. డేటాబేస్‌ల కోసం ఎస్‌క్యూఎల్, కోడు మార్పుల లెక్క ఉంచే గిట్, సర్వర్లలో వాడే లినక్స్ చేతికి అలవాటు కావాలి. ఇప్పుడు మామూలు కోడును ఏఐ సాధనాలే రాసిపెడుతున్నాయి కాబట్టి, ఆ కోడులో తప్పెక్కడుందో చెప్పగలగడమే ఇంటర్వ్యూలలో పనికొస్తుంది. ఏడాదిన్నర గడిచినా కోడు రాసే పని రాకపోతే ఉద్యోగం మారే ప్రయత్నం మొదలుపెట్టవచ్చు. చాలా పెద్ద కంపెనీల్లో నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పనిచేయవలసిన గడువు) 90 రోజులు ఉంటుందన్నది మాత్రం ముందే లెక్కలో వేసుకోవాలి.

మీ రుణానికి 10.5 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 5 వేలు కట్టాలి. బెంగళూరులో షేరింగ్ పీజీకి భోజనంతో కలిపి పది వేలు వేసుకున్నా, 25 వేల జీతంతోనే అది తీరుతుంది. సాధారణంగా చదువు పూర్తయిన ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. మీ బ్యాంకు మంజూరు పత్రంలో ఆ తేదీ చూసుకోండి.

ఇక అమీర్‌పేట. కోర్సు నేర్చుకోవడానికి వెళ్తే తప్పులేదు. అయితే డబ్బు తీసుకుని రెండేళ్ల దొంగ అనుభవం చూపిస్తామనే కన్సల్టెన్సీలు అక్కడ ఎదురవుతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఉద్యోగికి ఉండే పీఎఫ్ గుర్తింపు సంఖ్య యూఏఎన్‌తో పీఎఫ్ చరిత్ర తీస్తే ఎప్పుడు, ఎక్కడ పనిచేసిందీ నెలలతో సహా బయటపడుతుంది, చేరిన తరువాతైనా ఉద్యోగం పోతుంది. ఆ మాట ఎత్తినవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.